బరువు తగ్గించిన ముఖం

పొద్దున లేవగానే నాకు కోపం తెప్పించే పని ఒకటుంది. రాతి విగ్రహాలు చెక్కే శిల్పులూ, వాళ్ళ దగ్గర విగ్రహాలు చేయించుకునే ఊళ్ళ కమిటీలవాళ్ళూ కలిసి మాట్లాడుకునే ఆన్‌లైన్ ఫోరం ఒకటి ఉంది. దానికి నేను నిర్వాహకురాలిని. పని ఎంతవరకు వచ్చిందో చూపడానికి శిల్పులు ఫోటోలు పెడతారు. ఊళ్ళవాళ్ళు చూసి ముక్కు బాగా కుదిరిందనీ, కిరీటం ఇంకాస్త ఎత్తుండాలనీ రాస్తారు. ఆ ఊళ్ళలో సిగ్నలు ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. పెద్ద ఫోటో పెడితే సగం ముఖం వచ్చి ఆగిపోతుంది. అందుకని ఏ ఫోటో అయినా అర ఎంబీ దాటకూడదని నియమం పెట్టాను. పెట్టినందుకు తిట్లు తినేదీ నేనే.

ఎవరూ వినరు. దేవుడి చిటికెన వేలు చూపడానికి కూడా ఎంబీలకు ఎంబీలు పంపుతారు. అది ఎక్కదు. “మేడం, మీ ఫోరం పని చేయడం లేదు” అని రాస్తారు. “ఫోరం బాగానే ఉంది, మీ ఫోటో బరువు తగ్గించండి” అని నేను రాస్తాను. ఒకాయనైతే “విగ్రహం నల్లరాతిది మేడం, బరువు తగ్గదు” అని జవాబిచ్చాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చివరికి అందరి ఫోటోలూ నా కంప్యూటర్‌కే వస్తాయి. నంద్యాల కాలేజీలో పిల్లలకు కంప్యూటరు పాఠాలు చెప్పి ఇంటికొచ్చి, టీ తాగుతూ దేవుళ్ళ బరువు తగ్గిస్తుంటాను.

ఇప్పుడు మాత్రం తగ్గించిన ప్రతి ఫోటోనూ పెట్టే ముందు కుర్చీలోంచి లేచి, గది గుమ్మం దాకా వెనక్కి నడిచి, అక్కడి నుంచి ఒకసారి చూస్తాను. మా అమ్మ దీన్ని పిచ్చి అంటుంది. అంటుందే గానీ, నేను అలా చూస్తున్నంతసేపూ తను కంప్యూటర్ వైపు తిరగదు.

మాది చర్చికి పోయే కుటుంబం. మా నాయన బడిపంతులు. విగ్రహాలతో నాకు పనేమిటని మా చర్చిలో కూడా అడుగుతారు. నాయన పోయినప్పుడు సమాధి మీదికి రాయి కావాలని ఆళ్ళగడ్డకు పోయాను. రోడ్డు పక్కన వరసగా శిల్పుల షెడ్లున్నాయి. అన్నిట్లోనూ గ్రైండర్లు రొద పెడుతున్నాయి. ఒక్క షెడ్డులో మాత్రం ఒక పెద్దాయన ఉలి, సుత్తితో కూర్చుని ఉన్నాడు. ఆయన దగ్గరే రాయి చేయించాను. సిలువ చెక్కాడు, నాయన పేరు చెక్కాడు, కింద బైబిలు వాక్యం చెక్కాడు. అయ్యాక నన్ను నిలబెట్టి ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెడుతూ చదివించాడు. “పంతులు సమాధి మీద తప్పుంటే ఆయప్పకు నిద్ర పడతాదా పాపా?” అన్నాడు. నాకు అక్కడే ఏడుపొచ్చింది. అప్పటి నుంచి ఆయన నాకు మామ. ఆయన కోసమే ఆ ఫోరంలో చేరాను, తర్వాత నడిపేవాళ్ళు లేక అది నా నెత్తిన పడింది.

మామకు ఫోను వాడడం రాదు. ఫోటో తీసి నాకు పంపేంతవరకే. మొదటిసారి బరువు మాట చెప్పినప్పుడు ఆయన పని ఆపి నా వైపు చూశాడు.

“ఫోటోకు బరువేందీ పాపా? రాయికి బరువుంటాది గానీ.”

“ఉంటాది మామా. అందులో ఉండే ఒక్కో చుక్కనూ అది గుర్తు పెట్టుకోవాల గదా. అదే దాని బరువు.”

“మళ్ళ తగ్గించేదెట్ల?”

“కంటికి ఆననివి తీసిపారేస్తాం. పక్కపక్కన ఉండే చుక్కల్ని కలిపి ఒకటే చేస్తాం.”

“తీసిపారేసినవి మళ్ళ వస్తాయా?”

“రావు.”

“అట్లయితే నువ్వూ చెక్కుతాండావన్నమాట” అని మళ్ళీ సుత్తి అందుకున్నాడు. ఆనాటి నుంచి ఫోటో పంపి ఫోను చేసినప్పుడల్లా “చెక్కినావా పాపా?” అనే అడిగేవాడు.

పోయిన సంవత్సరం ఆయన గుమ్మాలకు భుజాలు తగిలించుకోవడం మొదలైంది. పక్క నుంచి వచ్చే మోటారు సైకిళ్ళు కనపడడం లేదు. తల తిరుగుడనుకున్నాడు. నేనే నంద్యాలకు పిలిపించి కంటి డాక్టరుకు చూపించాను. నీటికాసులన్నారు. చూపు అంచుల నుంచి తినుకుంటూ వస్తోందట. చుక్కల మందు వేస్తే నెమ్మదిస్తుందేమో గానీ పోయింది మాత్రం తిరిగి రాదన్నారు. మామ అంతా విని, బయటికొచ్చి, “టీ తాగుదాం పా” అన్నాడు. గ్లాసు సగమయ్యాక నాతో అన్నాడు.

“ఆయమ్మ కండ్లు నేనే తెరవాల పాపా. అంతవరకు ఉంటే చాలు నాకు. ఎవురికీ చెప్పాకు.”

ఆయమ్మ అంటే వెలుగోడు దగ్గరి ఒక ఊరివాళ్ళు చేయించుకుంటున్న అమ్మవారు. రిజర్వాయరు పక్కన కొత్తగా కట్టిన గుడికి. మామ రెండేళ్ళుగా ఆ రాయి తప్ప వేరే పని ముట్టలేదు. ఎందుకు చెప్పొద్దన్నాడో అర్థం కావాలంటే వాళ్ళ పద్ధతి తెలియాలి. విగ్రహంలో కళ్ళు అన్నిటికన్నా చివర చెక్కుతారు. ముఖమంతా పూర్తయినా కళ్ళ చోటు నున్నగా వదిలేస్తారు. మంచిరోజు చూసి, పూజ చేసి, శిల్పి పక్కగా నిలబడి సన్నని ఉలితో కళ్ళు తెరుస్తాడు. ఆ వేళ విగ్రహానికి ఎదురుగా మనిషన్నవాడు ఉండకూడదు. మొదటి చూపును మనిషి తట్టుకోలేడట. అందుకని ఎదురుగా అద్దం పెడతారు. ఆ తర్వాత ఆవును చూపిస్తారు. ఆ తర్వాతే మనుషులు. చూపు సరిగా లేని శిల్పి చేతికి ఆ ఉలి ఇవ్వరు. కమిటీకి తెలిస్తే వేరే శిల్పిని పిలుస్తారు.

ఇంకా ఎండలు ముదరలేదు. ఒక ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కి ఆళ్ళగడ్డకు పోయాను. ముఖం పూర్తయింది, ఫోటో నువ్వే వచ్చి తీయమని మామ ఫోను చేశాడు. ఆ ఫోటో చూసి కమిటీ సరేనంటే కళ్ళు తెరిచే రోజు పెట్టుకోవచ్చు. సిరివెళ్ళ దాటాక ఎడమ పక్క నల్లమల బూడిదరంగులో కనపడుతూనే ఉంది. షెడ్డు దగ్గర దిగేసరికి రాతిపొడి గాలిలో తేలుతోంది.

అమ్మవారు మనిషెత్తు ఉంది. ఆమె ముఖం సరిగ్గా నా ముఖానికి ఎదురుగా వచ్చింది. ఇంకా నునుపు పట్టలేదు, అందుకని ముఖమంతా సన్నని ఉలి గాట్లతో తెల్లచుక్కలు చల్లినట్టుంది. పెదవుల మీద నవ్వుకు ముందుండే కదలిక ఉంది. కళ్ళ చోట ఆ చుక్కలు తప్ప ఏమీ లేదు, ఒలిచిన కోడిగుడ్డులా ఉంది. కళ్ళు లేని ముఖాన్ని అంత దగ్గరగా చూడడం నాకు బాగనిపించలేదు. మామ నాతో మాట్లాడుతూనే, చేతిలోని సానరాయితో ఆమె నుదురూ బుగ్గలూ రుద్దుతున్నాడు. చిన్నపిల్లకు ముఖం తుడిచినట్టు, చూడకుండానే.

ఎదురుగా నిలబడి ఫోటో తీసుకున్నాను. సాయంత్రం నంద్యాలకొచ్చి బరువు తగ్గించి ఫోరంలో పెట్టేశాను. పెట్టే ముందు చూశానా అంటే, చూడలేదు. అన్నం పెట్టుకుంటూ చేసే పని అది.

మర్నాడు కాలేజీలో విరామం వేళ కమిటీ పెద్ద ఫోను చేశాడు. అరవైయేళ్ళ రైతు, మాట పొదుపు.

“ఎవురమ్మా తెరిచింది?”

“ఏందన్నా?”

“కండ్లు. ఎవురు తెరిచినారు? రోజు పెట్టలా, పూజ చేయలా. ఆయమ్మ చూస్తాంది గదా ఫోటోలో.”

“చూడడమేందన్నా, నేనే పోయి తీసినా. నున్నగా ఉండాది ఆడ.”

“నువ్వు తీసింది నువ్వే చూసుకో” అని పెట్టేశాడు.

ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి నేల మీద పడి ఉంది. ముందు పెద్ద ఫోటో తెరిచాను, నా ఫోనులోంచి వచ్చింది వచ్చినట్టు. ముఖం, గాట్లు, తెల్లచుక్కలు. కళ్ళ చోట ఏమీ లేదు. అప్పుడు ఫోరంలో పెట్టిన చిన్న ఫోటో తెరిచాను.

కళ్ళున్నాయి. రెప్పలు సగానికి పైగా లేచి ఉన్నాయి. నల్లగుడ్లు కూడా ఉన్నట్టే ఉంది. చూస్తోంది. ఎటో కాదు, ఫోటో తీసిన మనిషి వైపు. అంటే నా వైపు.

మూసేసి మళ్ళీ తెరిచాను. వేరే సాఫ్ట్‌వేర్‌లో తగ్గించాను. నలుపు తెలుపు చేసి తగ్గించాను. అన్నిట్లోనూ అంతే. పెద్దగా ఉంటే కళ్ళు లేవు. కొంచెం తగ్గిస్తే ఏదో నీడ. ఇంకా తగ్గిస్తే రెప్పలు. మెల్లగా తగ్గించుకుంటూ పోతే నిద్రలోంచి లేస్తున్నట్టు ఉంది. మళ్ళీ పెద్దది చేసుకుంటూ వస్తే కళ్ళు మూతపడవు, చుక్కల్లో కలిసిపోతాయి. మూతపడడం కన్నా అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

నేను కంప్యూటర్లు చెప్పే మనిషిని. కారణం తెలియకుండా భయపడడం నాకు చేతకాదు. కాసేపటికి కారణం దొరికింది. ఆ రాతిలో కళ్ళ చోట ఎక్కడో అతి తక్కువ లోతులో పల్లం ఉంది. వేలికి కూడా అందనంత పల్లం. దగ్గర నుంచి చూస్తే ఉలి గాట్లు, తెల్లచుక్కలు దాన్ని కప్పేస్తున్నాయి. బరువు తగ్గించినప్పుడు పక్కపక్క చుక్కలు కలిసిపోతాయి, గాట్లు చెరిగిపోతాయి, కింద ఉన్న నీడ పైకి తేలుతుంది. అంతే. లెక్క సరిపోయింది. కానీ ఆ పల్లాన్ని తొవ్వింది ఎవరు అన్నదానికి లెక్క లేదు. పైగా, కారణం తెలిసిన తర్వాత కూడా ఆమె నా వైపే చూస్తోంది.

అమ్మ వచ్చి నా భుజం మీదుగా చూసింది. పక్కనున్న తువ్వాలు తీసి కంప్యూటర్ మీద కప్పింది.

“మనకేంది, మనం ప్రార్థన చేసుకునేటోళ్ళం” అంది. మళ్ళీ తనే, “నువ్వేనా మొదట చూసింది?” అని అడిగింది.

ఫోరంలోనూ అదే ప్రశ్న మొదలైంది. నేను ఫోటో తీసేయకముందే సగం మంది చూసేశారు. మామూలుగా రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి పోయేవాళ్ళు కూడా వాక్యాలు రాశారు. కళ్ళు తెరిచిన వేళ ఎదురుగా ఎవరున్నారని ఒకరు. ఫోటో తీసినవాళ్ళే కదా అని ఇంకొకరు. కడప వైపు నుంచి ఒకాయన విడిగా సందేశం పంపాడు: “మేడం, ఆరోగ్యం బాగుందా?” రోజూ నన్ను తిట్టేవాళ్ళు ఒక్కసారిగా మర్యాదగా మాట్లాడడం మొదలుపెట్టారు. ఆ వారంలో ఒక్కరు కూడా బరువెక్కువ ఫోటో పంపలేదు. అదే నన్ను ఎక్కువ కలవరపెట్టింది.

మామకు ఫోను చేశాను. చెప్తుంటే విన్నాడు.

“నేను ముట్టలా పాపా” అన్నాడు. గొంతులో భయముంది. ఆయన భయం అమ్మవారి గురించి కాదని నాకు తెలుసు. రోజు వాయిదా పడితే, తన చూపు ఆగుతుందా అని. ఎడమ కన్ను ఆ నెలలో ఇంకా తగ్గిందని అప్పుడే చెప్పాడు.

కమిటీ పెద్ద చూడడానికి వస్తానన్నాడు. నన్నూ రమ్మన్నాడు. మేమిద్దరం ఆళ్ళగడ్డలో కలిసేసరికి మిట్టమధ్యాహ్నం. మామ షెడ్డులో విగ్రహం పక్కన నిలబడి ఉన్నాడు, కొత్త తువ్వాలు భుజాన వేసుకుని. కమిటీ పెద్ద విగ్రహం దగ్గరకు పోయి ముఖంలో ముఖం పెట్టి చూశాడు. అరచేత్తో కళ్ళ చోటు తడిమాడు. మళ్ళీ తడిమాడు.

“నున్నగానే ఉండాది” అన్నాడు.

“నేను చెప్తాండేది అదే గదన్నా” అన్నాను. నాకు గెలిచినట్టనిపించింది. మామ ముఖం తేటపడింది. నేను చుక్కలూ నీడలూ అంటూ క్లాసులో చెప్పినట్టు వివరించాను. కమిటీ పెద్ద తలూపి, ఎండకు దాహమేస్తోందని రోడ్డు దాటి టీ కొట్టుకు నడిచాడు. నేనూ వెనకే పోయాను. మామ షెడ్డులోనే ఉండిపోయాడు.

టీ గ్లాసు చేతికొచ్చిన వేళకు కరెంటు పోయింది. వరసగా ఉన్న షెడ్లన్నిట్లో గ్రైండర్లు ఒక్కసారిగా ఆగాయి. ఆ రోడ్డు మీద అంత నిశ్శబ్దం నేనెప్పుడూ వినలేదు. ఎందుకో ఇద్దరం ఒకేసారి వెనక్కి తిరిగాము. రోడ్డుకు అవతల షెడ్డు నీడలో అమ్మవారు కళ్ళు తెరిచి నిలబడి ఉంది. దూరం నుంచి గాట్లు కనపడడం లేదు. ఫోటోలో ఎట్లా ఉందో అట్లాగే ఉంది. పక్కనే మామ, మేమెటున్నామో తెలియక వేరే వైపు చూస్తూ నిలబడ్డాడు.

కమిటీ పెద్ద తాగకుండానే తన గ్లాసు బల్ల మీద పెట్టాడు.

“గుళ్ళో ఎవురూ మూతి దగ్గర మూతి పెట్టి చూడరమ్మా” అన్నాడు మెల్లగా. “ఇంత దూరం నుంచే చూస్తారు.”

ఇక అయిపోయిందనుకున్నాను. పని వేరే శిల్పికి పోతుందనుకున్నాను. రోడ్డు దాటి షెడ్డులోకి పోయాక, మామతో కమిటీ పెద్ద ఒక్క మాటే అన్నాడు.

“సగం కండ్లతో నిలబెట్టేది మంచిది కాదప్పా. ఈ శుక్రవారమే కండ్లు తెరువు. గుడి దాకా వద్దు, ఈడనే.”

మామ చేతులు జోడించాడు. ఆయన పెదవుల మీద నవ్వు కదిలింది. నాకు ఒక్క క్షణం అనుమానమొచ్చింది, ముసలాయన కావాలనే చేశాడేమోనని. కమిటీ పెద్ద వెళ్ళిపోయాక నేరుగా అడిగాను.

“మామా, నిజం చెప్పు. తొందరగా చేయించాలని నువ్వే తొవ్వినావు గదా?”

“ముట్టలా అని చెప్పినా గదా” అన్నాడు. తర్వాత తన బొటనవేళ్ళను చూసుకున్నాడు. కళ్ళకు చాలా దగ్గరగా పెట్టుకుని చూసుకున్నాడు. “చూపు తగ్గినాంక రోజూ తడుముతాండా. యాడ తెరవాలో మర్చిపోతానేమోనని. చేతిలో సానరాయి ఉన్నిందో లేదో... గుర్తు లేదు పాపా.”

నల్లరాయి అట్లా అరుగుతుందా అని నేను అడగలేదు. అరగదని ఆయనకూ తెలుసు.

శుక్రవారం పొద్దున షెడ్డు చుట్టూ తెల్లబట్టలు కట్టారు. బయట పూజారి మంత్రాలు చదువుతున్నాడు. ఆవును కట్టేశారు. కమిటీవాళ్ళు వెలుగోడు వైపు నుంచి ఆటోల్లో వచ్చి రోడ్డుకు అవతలే నిలబడ్డారు, ఎవరూ షెడ్డుకు ఎదురుగా రాలేదు. విగ్రహానికి ముందు నిలువుటద్దం పెట్టారు. మామ నన్ను చూపించి, “ఈ పాప వెనకాల ఉంటాది, ఫోటోకు” అన్నాడు. కమిటీ పెద్ద ఒప్పుకున్నాడు.

“ఎదురుగా రాకుంటే చాలు” అన్నాడు. నన్ను చూసిన చూపులో, ఎట్లయినా నీకు అయ్యేది అయిపోయింది కదా అన్నట్టుంది.

విగ్రహం వెనక, చెక్కని రాళ్ళ మధ్య నిలబడ్డాను. ఆమె భుజం మీదుగా నాకు అద్దం కనపడుతోంది. తెల్లబట్టల లోపల వెలుతురు పలచగా ఉంది. మామ పక్కగా నిలబడి సన్నని ఉలి తీసుకున్నాడు. ఎడమ చేతి వేళ్ళతో ముఖం తడిమాడు. ఆగాడు. మళ్ళీ తడిమాడు. సుత్తి ఎత్తలేదు. బయట మంత్రం పైకి పోతోంది.

“పాపా” అన్నాడు, నాకొక్కదానికే వినపడేట్టు. “కనపళ్ళేదు.”

ఎండలో కొంచెమైనా ఆనే చూపు ఆ మసక వెలుతురులో పూర్తిగా ఆగిపోయింది. కేకేస్తే ఉలి లాగేసుకుంటారు. మామ ముఖం మీద చెమట కారుతోంది. ఆయన అంతగా భయపడడం నేను డాక్టరు దగ్గర కూడా చూడలేదు.

నేను అద్దంలోకి చూశాను. అద్దంలో ఆమె ముఖం రోడ్డు అవతల నుంచి చూసినట్టు దూరంగా, చిన్నగా ఉంది. గాట్లు లేవు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటి వెనక, ఆమె భుజం పక్కన నా ముఖం ఉంది. ఆమె అద్దంలోంచి నన్ను చూస్తోంది. చిన్నప్పటి నుంచి నోటికొచ్చిన ప్రార్థన ఒక్కటీ గుర్తు రాలేదు. మామ చెయ్యి జారకూడదు అని మాత్రం అనుకున్నాను. ఎవరిని వేడుకున్నానో నాకే తెలియదు.

అద్దంలో కుడి ఎడమలు తారుమారు. అందుకని కుడి ఎడమ అనకుండా చెప్పాను. “కొంచెం కిందికి మామా. ముక్కు వైపు. ఇంకొంచెం. చెవి వైపుకు పొయినావు, వెనక్కి రా. ఆడ.”

ఉలి ఆ చోట ఆగింది. మామ సుత్తితో మెల్లగా తట్టాడు. మళ్ళీ తట్టాడు. ఆ తర్వాత ఆయన ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది.

“ఈడ గాడి ఉండాది పాపా” అన్నాడు. “ఉలి దానంతటదే పోతాంది. నేను పట్టుకున్నానంతే.”

రెండో కంటికి నేను దారి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు. రెప్పగీత చివరి దాకా ఆయన చెయ్యి ఆగకుండా పోయింది. అంతసేపూ ఆమె చూపు అద్దంలోంచి నా మీద నుంచి కదలలేదు. అద్దం తీసి, బట్ట తొలగించి, ఆవును తెచ్చి నిలబెట్టాక గానీ నేను ఊపిరి సరిగా తీసుకోలేదు. ఆవు ఒకసారి చూసి తల పక్కకు తిప్పుకుంది. తర్వాత మనుషులొచ్చారు. కమిటీ పెద్ద అమ్మవారి కళ్ళలోకి చూసి ఏడ్చాడు. అందరూ మామ కాళ్ళకు మొక్కారు. ఆయన ఎవరు మొక్కుతున్నారో తెలియక అందరి తలల మీదా చెయ్యి పెడుతున్నాడు. నాకు అంత సంతోషం, అంత దుఃఖం ఒకేసారి ఎప్పుడూ రాలేదు.

“మా ఇద్దరికీ ఒక ఫోటో తీయి పాపా” అన్నాడు. “చెక్కి ఫోరంలో పెట్టు. అందరూ చూడాల.”

అమ్మవారి పక్కన ఎండ పడుతున్న చోట నిలబెట్టి తీశాను. మామ నా గొంతు వినపడిన వైపు చూస్తూ నవ్వాడు.

ఇంటికొచ్చి ఆ ఫోటో బరువు తగ్గించాను. ఈసారి పెట్టే ముందు చూశాను. అమ్మవారి కళ్ళు స్పష్టంగా, పెద్దగా వచ్చాయి. మామకు కళ్ళు లేవు. నుదురు కింద నుంచి బుగ్గల దాకా చర్మం నున్నగా ఉంది, ఒలిచిన కోడిగుడ్డులా. పెద్ద ఫోటోలో ఉన్నాయి. లోతుకు పోయిన కళ్ళు, ఎర్రజీర, మూలలో నీటి చుక్క, అన్నీ ఉన్నాయి. తగ్గిస్తే పోతున్నాయి. రకరకాలుగా తగ్గించాను. గుమ్మం దాకా వెనక్కి పోయి చూశాను. అమ్మ వచ్చి పక్కన నిలబడింది. ఈసారి తువ్వాలు కప్పలేదు. “పాపం” అంది.

కారణం నాకు తెలుసు. కనుబొమల నీడలో పడిన చిన్న కళ్ళు చుట్టూ ఉన్న చర్మపు చుక్కల్లో కలిసిపోతాయి. ఆ కారణాన్ని నాకు నేనే చాలాసార్లు చెప్పుకున్నాను.

అమ్మవారు రిజర్వాయరు పక్కన గుళ్ళో ఉంది. మామకు ఇప్పుడు వెలుతురు, చీకటి తేడా మాత్రమే తెలుస్తుంది. అయినా రోజూ షెడ్డుకొచ్చి ఉలి చేతిలో పెట్టుకుని కూర్చుంటాడు. పోయిన వారం పోయినప్పుడు నా అడుగుల చప్పుడుకే తల తిప్పాడు.

“పెట్టినావా పాపా, మా ఇద్దరి ఫోటో?”

“లేదు మామా. బరువెక్కువ ఉండాది. ఎక్కలా.”

“చెక్కు మళ్ళ. నీకు చేతనయ్యే పనే గదా.”

“చూసినా మామా. ఆ ఒక్కటి తగ్గదు.”

“నా కండ్లు బాగొచ్చినాయా దాంట్లో?”

“బాగొచ్చినాయి” అన్నాను.

ఆయన సంతోషంగా తలూపి, రెండు బొటనవేళ్ళతో ముందున్న కొత్త రాయిని తడమడం మొదలుపెట్టాడు.